కాదనడానికి కట్టంగూర్ దాకా

మొన్న ఎండాకాలంలో మా చెల్లెలి మనవరాలు మౌనిక మా ఇంటికి వచ్చింది. ఆ పేరు పెట్టినవాళ్ళకు ముందుచూపు లేదని ఊళ్ళో అందరూ ఒప్పుకుంటారు. ఇప్పుడామె మా ఊరి పంచాయతీలో వార్డు మెంబరు. హైదరాబాదులో ఏదో శిక్షణ తరగతి ఉంటే వచ్చి, అది అయ్యాక మమ్మల్ని చూసి పోదామని ఆగింది. మా ఆవిడ చాయ్ పెట్టింది. ఊళ్ళో మా పాత ఇంటి పక్క జాగాలో చిన్నపిల్లల బడికి గది కడితే బాగుంటుందని నేను సలహా ఇచ్చాను. "కాదు తాతా, ఆడ నీళ్లు నిలుస్తయి" అంది చాయ్ ఊదుకుంటూ. పోనీ బావి దగ్గర కట్టండన్నాను. "అది గూడ కాదు" అంది. చాయ్ అయిపోయేలోపు నాలుగుసార్లు కాదంది. రెండో కప్పు అడిగి పోయించుకుని ఐదోసారి కూడా అంది. ఆమె వెళ్ళాక మా ఆవిడ ముక్కు మీద వేలేసుకుని "మనింట్ల కూసొని, మన చాయ్ తాగుకుంట, గంతగనం కాదంటదా!" అంది. నాకు మాత్రం కోపం రాలేదు. ఆ పిల్ల ఎంత సులువుగా ఆ మాట అనేసిందో తలుచుకుంటే ముచ్చటేసింది. ఎందుకంటే అదే మాట అనడానికి మా బాపుకు ఒక ఎండాకాలంలో ఇరవై రోజులు పట్టింది. బాపును కన్న మా అవ్వ దానికోసం కట్టంగూర్ దాకా పోయింది. నా వంతుగా నేను చేసిందల్లా మొదట్లోనే పని చెడగొట్టడం.

మా ఊరు కేతేపల్లి దగ్గర రోడ్డు దిగితే లోపలికి రెండు గంటల నడక. అది మనిషి నడక. గొర్రెల వెంట అయితే ఒక పూట. మా ఇంట్లో తెల్లవారడం వెలుతురుతో కాక వాసనలతో తెలిసేది. మంచుకు తడిసిన ఉన్ని వాసన, దొడ్డిలో పెంట వాసన, గంప కింద మూసిపెట్టిన గొర్రెపిల్లల పాలవాసన, వీటన్నిటికీ పెద్దదిక్కుగా అవ్వ చుట్ట వాసన. కోడి కూసే వేళకు అవ్వ గుంజకు తాడు చుట్టి కవ్వం ఆడించేది. ఆ చప్పుడు వినిపిస్తే ఇంకాసేపు పడుకోవచ్చని అర్థం, అది ఆగాక కూడా లేవకపోతే మొఖాన నీళ్ళు పడతాయని అర్థం. బాపు లేచి ముందు గొర్రెలను పలకరించేవాడు, తర్వాత మమ్మల్ని. ఏ గొర్రె దగ్గిందో, ఏది నిన్న సరిగా మేయలేదో ఆయనకు తెలుసు. నేను ఏ తరగతి చదువుతున్నానో అడిగితే మాత్రం అవ్వ వైపు చూసేవాడు. జొన్నరవ్వ ఉడికించిన గట్కలో సల్ల పోసుకుని, ఎర్రటి కారం నంజుకుని, గొంగడి భుజాన వేసుకుని మందను తోలుకుంటూ ఊరి అవతలి బంచరాయికి పోయేవాడు. బంచరాయంటే ఏ ఒక్కరిదీ కాని మేత భూమి. ఒక రాళ్ళగుట్ట, తంగేడు, బలుసు, రేగుకంపలు, మధ్యలో ఒక వాగు. చూడ్డానికి వచ్చినవాళ్ళు "ఇక్కడేమీ లేదే" అనేవాళ్ళు. గొర్రెలు మాత్రం ఎన్నడూ ఆ మాట అనలేదు.

మజ్జిగను మేము సల్ల అంటాం. ఆ సల్ల చుట్టూ మా అవ్వకు ఒక రాజ్యాంగం ఉండేది. దేశపు రాజ్యాంగం కంటే పాతది, చాలా చిన్నది, సవరణలు ఎరగనిది. "మన సల్ల తాగినోన్ని మన గడపల కాదనొద్దు. కాదనాల్నంటే ఆయన గడపకు పోయి, ఆయన పెట్టింది తిని, అప్పుడనాలె." ఇంతే. ఎందుకని నేనొకసారి అడిగితే, కారణం అప్పటికే వంద మందికి చెప్పి విసిగిపోయినట్టు చెప్పింది. "మనింటికొచ్చినోడు మల్ల ఎండల పడి పోవాలె గద. కాదనిపిచ్చుకోని గంత ఎండల ఎట్ల పోతడు? గదే మనం ఆయనింటికి పోయి అన్నమనుకో, అన్నంక ఎండల నడిసేది మనమే. కాదన్నోడే నడవాలె కొడుకా." ఈ లెక్క ప్రకారం అవ్వ కాళ్ళ అరుగుదలలో సగం ఇతరుల మాట కాదనడానికే పోయింది. మా మేనత్తకు ఒక సంబంధం వచ్చినప్పుడు పిల్లవాడి తరఫువాళ్ళు పదిమంది మా వాకిట్లో కూర్చుని సల్ల తాగి, అవ్వ నవ్వు మొఖం చూసి, పెళ్ళి కుదిరినంత సంబరంగా వెళ్ళిపోయారు. మర్నాడు అవ్వ మూడు ఊళ్ళు దాటి వాళ్ళింటికి పోయింది, కోడికూర తిన్నది, "పిల్లగాడు బంగారం, మా పిల్లనే పెంకిది" అని చెప్పి లేచింది. వాళ్ళు ఏడవలేదు, తిట్టలేదు. దారిలో తినమని మక్కపేలాలు మూటగట్టి ఇచ్చారు. ఆ కాని పెళ్ళికొడుకే తర్వాత మా మేనత్త పెళ్ళికి వచ్చి పొద్దస్తమానం వడ్డించాడు. మా ఊళ్ళో ఇదే పద్ధతి. అడిగినప్పుడు ఎవరూ మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టు కాదు. రెండు మూడు పొద్దులు గడిచి, ఎవరూ చెప్పులు వేసుకుని మీ ఇంటివైపు రాకపోతే, అప్పుడు ఒప్పుకున్నట్టు.

నేను నకిరేకల్లో చుట్టాలింట్లో ఉండి చదివి, మెట్రిక్ పాసై, ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వస్తుందని ఇంట్లో కూర్చున్న రోజులవి. ఉద్యోగానికి దారి తెలిసినట్టు లేదు. ఆలోగా నాకొక పని దొరికింది, నవ్వించడం. ఎక్కడ గొంతులు బరువెక్కితే అక్కడ నేను ప్రత్యక్షమయ్యేవాణ్ణి. పక్కింటి కొండయ్య తాత ఊళ్ళో అందరికంటే పెద్ద మంద ఉన్నవాడు. తన అన్న దినంలో గుండె బాదుకుంటూ "నన్నెందుకుంచినవు దేవుడా" అని ఏడుస్తుంటే, "వరుసల రా తాతా, నడుమల చొరబడకు" అన్నాను. ఏడుస్తున్న కొండయ్యే ముందు నవ్వాడు. తర్వాత కర్ర తీశాడు. బాపు నన్ను తిట్టేవాడు కాదు. "వీని నోట్ల మాట, దొడ్డి తడిక లేని మంద. ఎవడు ఆపుతడు" అని ఊరుకునేవాడు.

పంచాయతీలు కొత్తగా వచ్చిన రోజులు కూడా అవే. అంతకుముందు మమ్మల్ని ఎవరూ ఏదీ అడిగింది లేదు. డప్పు మోగేది, ఫలానా రోజు ఫలానా పని చేయాలని చాటింపు వినిపించేది, చాటేవాడు జవాబు కోసం ఆగకుండా తర్వాతి వాడకట్టుకు నడిచేవాడు. కాదనడం, ఔననడం రెండూ మా పనులు కావు. అలాంటిది, బాపును మా వాడకట్టు వాళ్ళు మెంబరును చేశారు. ఆయన గొప్పతనం చూసి కాదు, ఇంకెవరూ ఒప్పుకోక. సంతకం పెట్టడం వస్తే బాగుంటుందని ఆయన వయోజనుల బడికి పోయి ఒక చలికాలమంతా తన పేరు నేర్చుకున్నాడు. నాలుక కొస బయటపెట్టి, ఊపిరి బిగబట్టి రాసేవాడు. రాశాక, గొర్రెకు పురుడు పోసినంత అలిసిపోయేవాడు.

ఆ ఎండాకాలంలో ఒక పొద్దున మా వాకిట్లోకి జీపు వచ్చింది. కొత్త ఆఫీసరు. కోస్తా వైపు మనిషి, పాతికేళ్ళు దాటి ఉండవు, కట్టంగూర్‌లో ఇల్లు కిరాయికి తీసుకుని భార్యతో ఉంటున్నాడు. ఇస్త్రీ చొక్కా, రేడియోలో వార్తలు చదివినట్టుండే తెలుగు. ఊళ్ళోకల్లా మా వాకిలి పెద్దది కనక సభ అక్కడే పెట్టారు. నలభై మంది దాకా చేరారు. కొండయ్య తాత లేచి చేతులు జోడించి "కూసోండ్రి దొరా" అన్నాడు. ఆఫీసరు నొచ్చుకున్నాడు. "దొర అనకండి పెద్దాయనా. దొరల రోజులు పోయాయి. నేను మీ సేవకుణ్ణి" అన్నాడు. "గట్లనే దొరా" అన్నాడు కొండయ్య. అవ్వ పెద్ద ఇత్తడి లోటాలో ఉప్పేసిన చల్లటి సల్ల తెచ్చి ఇచ్చింది. అతను గటగటా తాగి, "ఎంత బాగుందండీ" అని ఇంకో లోటా అడిగి తాగాడు. అవ్వ మొఖం వెలిగిపోయింది. మా రాజ్యాంగం అమల్లోకి వచ్చింది.

తర్వాత అతను లేచి మాట్లాడాడు. నిజం చెప్పాలంటే బాగా మాట్లాడాడు. బంచరాయి చుట్టూ ముళ్ళకంచె వేసి, లోపల బత్తాయి మొక్కలు నాటి, జిల్లాకే ఆదర్శమైన తోటను పెంచుతామన్నాడు. బీడు పచ్చబడుతుందన్నాడు. ఆ తోట అతని సొంత ఆలోచన, చెబుతుంటే కళ్ళలో పండ్లు కాస్తున్నాయి. మావాళ్ళకు ప్రతి ముక్కా అర్థమైంది. కంచె పడితే మందలు ఎటు పోవాలో కూడా అర్థమైంది, ఎటూ పోలేవని. అతను చివర్లో, "ఇది మీ భూమి. మిమ్మల్ని అడగకుండా ఏమీ చేయం. ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక వాళ్ళను అలా అడిగిన మొదటి మనిషి అతనే. బాపు అతని చేతిలోని ఖాళీ లోటా వంక చూశాడు. కొండయ్య కూడా లోటా వంకే చూశాడు. అడిగినందుకు వాళ్ళకు కళ్ళు చెమర్చినంత పనైంది. అంత మర్యాదగా అడిగినవాణ్ణి మొఖం మీద కాదంటారా ఎవరైనా?

రెండు పద్ధతులూ తెలిసిన వాణ్ణి ఆ వాకిట్లో నేనొక్కణ్ణే. అవ్వ పద్ధతిలో మౌనమంటే రేపు వస్తామని. సర్కారు పద్ధతిలో మౌనమంటే అయిపోయిందని. బళ్ళో పౌరశాస్త్రం పుస్తకంలో సభ ఎలా నడుస్తుందో చదివి, మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ నిశ్శబ్దంలో నేను లేచి "సార్, వీళ్ళకిష్టం లేదు, రేపు చెప్తరు" అంటే చాలు. లేచాను కూడా. కానీ అంతమంది నా వైపు తిరిగేసరికి నాలుక పాత దారే పట్టింది. "సార్, మమ్మల్నడుగుడేంది? గొర్లనడుగుండ్రి. జాగ వాటిది" అన్నాను. వాకిలంతా ఘొల్లుమంది. ఆఫీసరు కళ్ళు తుడుచుకుని మరీ నవ్వాడు. అడిగిన ప్రశ్న ఆ నవ్వులో కొట్టుకుపోయింది. సభకు వచ్చినట్టుగా మొదట్లోనే అందరి చేతా వేలిముద్రలు, బాపు చేత సంతకం తీసుకుని ఉన్నాడు. వాటి కింద ఏదో రాసి, "చదువుకున్నవాడివి, నువ్వే చదివి వినిపించు" అని పుస్తకం నాకిచ్చాడు. "ఎవరి నుండియు అభ్యంతరము లేనందున, గ్రామస్థులు ముక్తకంఠముతో ఆమోదించడమైనది." ఎక్కడా తడబడకుండా, ఒత్తులు పలుకుతూ, వార్తల గొంతుతో చదివాను. బాపు గర్వంగా చుట్టూ చూశాడు. కొడుకు అంత బాగా చదువుతాడని ఆయనకు ఆ రోజే తెలిసింది. జీపు వెళ్ళిపోయింది.

సాయంత్రం మందను దొడ్డిలో కట్టి వచ్చి బాపు తాపీగా అన్నాడు. "ఆఫీసరు మంచోడు. రేపు జర జల్ది లేవాలె. కట్టంగూర్ పోయి కాదనొద్దాం."

"అయిపోయింది బాపూ. రాసుకున్నడు గద" అన్నాను.

"రాసుకుంటేంది? మనం ఇంకా ఆయనింటికి పోనే పోలె" అన్నాడు బాపు. అవ్వ చుట్ట తీసి, "రాసినోడు కొట్టెయ్యలేడా? నువ్వు పలక మీద ఎన్నిపాల్లు తుడ్సలె" అంది.

మర్నాడు అవ్వ, బాపు, కొండయ్య తాత, నేను రోడ్డు దాకా నడిచి బస్సెక్కాం. చేతిలో ముంత, భుజాన గొంగడితో ఉన్న అవ్వను చూసి కండక్టరు "ఏం అవ్వా, పెండ్లికా?" అన్నాడు. "కాదు కొడుకా, కాదననీకి పోతున్నం." "ఎవర్ని?" "ఆఫీసర్ని." కండక్టరు మా నలుగురినీ ఎగాదిగా చూసి, "అయితే నా తిరుగు బస్సే దొర్కుతది మీకు" అన్నాడు. ఆ మాట నేననాల్సింది. ఆ పొద్దున నా నోటికి ఏమీ తట్టలేదు.

ఆఫీసరు ఇంకా లుంగీలో ఉన్నాడు. అతని భార్య, నా ఈడు అమ్మాయి, కంగారుగా చాప పరిచి "రండి అమ్మమ్మగారూ, ఎండనపడి వచ్చారు" అని కాఫీ తెచ్చింది. అవ్వ పుట్టి అప్పటిదాకా కాఫీ చూడలేదు. పెట్టింది తినాలన్నది తన రాజ్యాంగమే కనక కళ్ళు మూసుకుని తాగింది. "దవాఖాన మందు లెక్కున్నది బిడ్డా. గని మంచి దవాఖాన" అంది. ఆ అమ్మాయి పకపకా నవ్వి గ్లాసులో ఇంకాస్త పోసింది. అవ్వ అదీ తాగి, మూతి తుడుచుకుని, ఇప్పుడు తనకు హక్కు వచ్చినట్టు సర్దుకు కూర్చుంది.

"అయ్యా, బంచరాయికి కంచె ఒద్దు. మా గొర్లు సస్తయి. గా మాట చెప్పిపోదామని ఒచ్చినం."

ఆఫీసరుకు అర్థం కాలేదు. "నిన్న అడిగాను కదండీ! ఒక్కరూ మాట్లాడలేదే?"

"నిన్న నువ్వు మా వాకిట్ల కూసుండి సల్ల తాగితివి బిడ్డా. తాగే మనిషిని కాదంటరా? గందుకే ఇయ్యాల ఒచ్చినం."

సభలో చెప్పిందే లెక్కలోకి వస్తుందని, ఇంటికొచ్చి చెప్పింది రాయడానికి పుస్తకంలో చోటు లేదని ఆఫీసరు ఓపిగ్గా చెప్పాడు. "గా పుస్తకం రాసినాయన మా దిక్కు ఎన్నడన్న ఒచ్చిండా?" అంది అవ్వ. చివరకు అతను నా వైపు తిరిగాడు. "నిన్న నువ్వే కదా చదివింది. మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టేనని నీకు తెలుసు కదయ్యా?" నలుగురూ నన్ను చూశారు. ఇలాంటి చోట నవ్వించడమే నా పని. "తెలుసు" అన్నాను. బాపు తల తిప్పుకుని గోడ చూశాడు.

దారి చూపించింది ఆఫీసరు భార్య. వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇంకో సభ పెట్టండి. మీరు అక్కడ ఏమీ తాగకండి. అప్పుడు వాళ్ళు చెప్పగలరుగా?" అంది, ఇంత చిన్న విషయానికి ఇంత చర్చా అన్నట్టు. అవ్వ అదిరిపడింది. "రోహిణి ఎండల ఒచ్చినోనికి నీళ్లియ్యకుంట కూసోబెడ్తమా? మేం మనుషులమేనా?" సభ అయ్యాక తాగుతానని అతను మాటిచ్చాడు. "అయితే సభ జల్ది చెయ్యి బిడ్డా" అంది అవ్వ. పాత తీర్మానాన్ని మళ్ళీ సభ ముందు పెడుతున్నానని పైకి రాస్తానన్నాడు. ఆ తోట మీద అతనికున్న ప్రేమ చూసినవాణ్ణి కనక, అలా రాయడం అతనికి ఎంత కష్టమో నాకు తెలిసింది.

తిరుగు బస్సులో బాపు నన్ను తిట్టలేదు. తిడితే రెండు జోకులేసి బయటపడేవాణ్ణి. చాలా దూరం పోయాక, కిటికీలోంచి చూస్తూనే "నీకెరుకేనా?" అన్నాడు. "ఎరుకే." "మరి చెప్పకపోతివి?" "అందరు నవ్వుతుంటె..." ఆయన తల ఊపాడు. "నవ్విచ్చుడు మంచిదే. నిన్న నేను గూడ నవ్విన. గని మంద లోయ దిక్కు పోతుంటె కుక్క మొరగాలె రా. అప్పుడు గంతులేసి ఆడొద్దు." నన్ను కుక్కతో పోల్చాడని ముందు రోషం వచ్చింది. మందలో మనిషి తర్వాత అంతటి హోదా దానికే అని దిగేలోపు గుర్తొచ్చి, ఆ హోదా కూడా పోగొట్టుకున్నానని ఊరుకున్నాను. ఇంటికి చేరాక ఒక్కటే అడిగాడు. ఈసారి సభలో నోరు తెరవనని ఒట్టు పెట్టమన్నాడు. పెట్టాను.

ఇరవై రోజులకు సభ. ఆ ఇరవై రోజులూ బాపు బంచరాయిలో గొర్రెల ముందు నిలబడి కాదనడం అభ్యాసం చేశాడని కొండయ్య తాత ఊరంతా చెప్పాడు. గొర్రెలు ఒప్పుకున్నాయట. ఆ రోజు జీపు పైవాళ్ళెవరో తీసుకుపోయారు. ఆఫీసరు రోడ్డు నుంచి లోపలిదాకా సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది, మొఖం కందిపోయింది, పెదవులు పొడిబారి తెల్లగా ఉన్నాయి. వాకిట్లోకి రాగానే అలవాటు కొద్దీ అవ్వ లోటా తీసుకుని రెండడుగులు వేసి, గుర్తొచ్చి ఆగి, లోటా మీద కొంగు కప్పి గడపలో కూర్చుంది. చల్లటి సల్ల వాసన వాకిలంతా తెలుస్తోంది. అతను అటు చూడకుండా పుస్తకం తెరిచాడు. నలభై మంది చూపూ అతని పెదవుల మీదే. దాహంతో ఉన్న మనిషిని అంతసేపు ఊరికే చూడటం మా ఊళ్ళో అదే మొదటిసారి.

"అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి" అన్నాడు. గొంతు గీరుకుపోయింది.

బాపు లేచాడు. రుమాలు తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. "బత్తాయి మంచి చెట్టు సార్" అని మొదలుపెట్టాడు. ఒప్పేసుకుంటాడేమోనని అందరం అవ్వ వైపు చూశాం. బంచరాయిలో వాగు ఎటు పారుతుందో చెప్పాడు. తన తాత కాలంలో కరువొస్తే ఆ బలుసు కంపలే మందను బతికించాయని చెప్పాడు. ఆఫీసరు ఎంత మంచివాడో చెప్పాడు. అతని భార్య ఇచ్చిన కాఫీ సంగతి కూడా చెప్పాడు. అన్నీ చెప్పాడు, ఆ ఒక్క మాట తప్ప. ఆఫీసరు కలం పట్టుకుని "అయితే...?" అన్నాడు. బాపు రుమాలు ఇంకోసారి తీసి చుట్టుకున్నాడు. నాకు ఒకటి కాదు, మూడు జోకులు వచ్చాయి, మూడూ బాగున్నాయి. మూడింటినీ మింగాను. వాటి రుచి ఇప్పటికీ గుర్తుంది. ఆఫీసరు పెదవులు తడుపుకుందామని నాలుక ఆడించాడు. అంతే, గడపలోంచి అవ్వ అరిచింది.

"చెప్తవా లేదా రా! పిల్లగాడు ఎండుకపోతాండు!"

"ఒద్దు సార్!" అన్నాడు బాపు, వెనక నుంచి ఎవరో తోసినట్టు. "కంచె ఒద్దు. మాకొద్దు." అని, తన గొంతు తనకే కొత్తగా వినబడినట్టు నిలబడిపోయాడు. ఆ వెంటే కొండయ్య "నాగ్గూడ ఒద్దు దొరా" అన్నాడు. తర్వాత ఎవరు ఏమన్నారో చెప్పలేను, నలభై మంది ఒకేసారి అన్నారు. కంచె వద్దని సగం, ముందు ఆ మనిషికి నీళ్ళివ్వమని సగం. అతను తల వంచి, తొందరపడకుండా, తన తోటను తన చేత్తోనే ఒక్కొక్క అక్షరంగా కొట్టేసుకుంటూ రాశాడు. కలం మూత పెట్టాకే లోటా వైపు చెయ్యి చాపాడు. మూడు లోటాలు తాగాడు. అవ్వ అతని వీపు నిమురుతూ నిలబడింది.

బంచరాయి బాపు ఉన్నన్నాళ్ళూ అలాగే ఉంది. ఆ ఆఫీసరు బదిలీ అయ్యాక కూడా, ఎండాకాలంలో ఎవరైనా అతనున్న ఊరి వైపు పోతే అవ్వ ముంతలో వెన్న పంపేది. బాపు పోయాక చాలా ఏళ్ళకు, బంచరాయిలోని గుట్టను రాయి కొట్టుకోవడానికి ఎవరికో ఇస్తున్నట్టు పంచాయతీ గోడకు కాగితం అంటించారు. జీపు రాలేదు, సైకిలూ రాలేదు. ఎవరూ మా వాకిట్లో కూర్చోలేదు, ఏమీ తాగలేదు. అభ్యంతరాలుంటే రాసి పంపండని ఆ కాగితంలో ఉంది. మర్యాదకేమీ లోటు లేదు. ఎవరింటికి పోయి కాదనాలో మాత్రం లేదు. నేను మంచి తెలుగులో నాలుగు పేజీలు రాసి పంపాను. అందినట్టు రసీదు వచ్చింది. రసీదు భద్రంగా ఉంది, గుట్టే లేదు. ఇప్పుడు కాదనడం తేలికైంది, ఎవరైనా ఎక్కణ్ణుంచైనా అనొచ్చు, ఎండలో నడవక్కర్లేదు. వినేవాడు ఎదురుగా ఉండాలన్న నియమమే పోయింది. మా అవ్వ పద్ధతి మంచిదని అననుగాక అనను. దానితో మేం కొంచెంలో మునిగేవాళ్ళం. కానీ ఆ పద్ధతిలో కాదన్నవాడికీ, అనిపించుకున్నవాడికీ ఒకరి మొఖం ఒకరికి తెలిసేది.

ఆ రోజు సల్ల తాగాక ఆఫీసరు పుస్తకం నా ముందుకు జరిపాడు. నేను బాపును చూశాను. ఒట్టు ఉందిగా. ఆయన చదవమని కళ్ళతోనే చెప్పాడు. ఈసారి వార్తల గొంతు రాలేదు. "సభ్యులొకరు లేచి, సదరు మేత భూమి తరతరములుగా గ్రామ పశువులకు జీవనాధారమైనందున, కంచె వేయుటకు తమ అసమ్మతిని స్పష్టముగా తెలియజేసిరి. సభ యావత్తు వారితో ఏకీభవించినది." బాపు దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"ఇంకోపాలి చదువు."

చదివాను.

"గది నేనన్నదేనా?"

"నువ్వన్నదే బాపూ."

ఆయనకు నమ్మకం కుదరలేదు. ఆఫీసరు వైపు తిరిగి, "నేను గంతగనం అనలే గద సార్. ఒద్దన్న. గంతే" అన్నాడు.

"అన్నారండీ" అన్నాడు ఆఫీసరు. "నిలబడ్డప్పటి నుంచీ అదే అంటున్నారు. చివర్లో పైకి వినబడింది."

బాపు ఆ అక్షరాల మీద వేలు పెట్టి, మొదటి నుంచి చివరిదాకా మెల్లగా జరిపాడు. ఆయనకు తన పేరు తప్ప ఏదీ చదవడం రాదు. వేలు చివరికి వచ్చాక ఆగి, మూడోసారి చదవమన్నాడు. చదివాను. అప్పుడు కలం అడిగి తీసుకుని, నాలుక కొస బయటపెట్టి, ఆ మాటల కింద తన పేరు రాశాడు.